ఆప్తవాక్యం, బిట్టు: మిత్రుల ప్రశ్నోత్తర వినిమయంలో ఒక ధర్మసందేహం

ఉపోద్ఘాతం

కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు పట్టణాలలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే యువతీయువకుల దినచర్యలో ఒక అలవాటు స్థిరపడింది. తెల్లవారగానే ఒకరు తమ మిత్రబృందానికి వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక ప్రశ్న పంపుతారు. తొలి తెలుగు శాసనం ఏది? కె.సి. కాలువ ఏ ఆనకట్ట దగ్గర మొదలవుతుంది? కర్నూలు ఎప్పటినుంచి ఎప్పటిదాకా రాజధానిగా ఉంది? మిగిలినవారు జవాబిస్తారు. తప్పు చెప్పినవారిని కాసేపు ఆటపట్టిస్తారు. ఒప్పు చెప్పినవారు తమ వంతుగా మరో ప్రశ్న వేస్తారు. రాత్రి పడుకొనేలోగా ఇలా పదులకొద్దీ ప్రశ్నలు చేతులు మారుతాయి.

ఈ ప్రశ్నలకు వాడుకలో ‘బిట్లు’ అని పేరు. ప్రాచీన కావ్యభాషలో ‘బిట్టు’ అంటే మిక్కిలి, అధికం. ఇంగ్లీషు నుంచి వచ్చిన కొత్త ‘బిట్టు’ చిన్న ముక్క. ధ్వని ఒకటై అర్థాలు ఎదురెదురుగా నిలిచిన ఈ యాదృచ్ఛికత నిఘంటు ప్రియులకు వినోదం కలిగించవచ్చు. కాని ఈ ముక్కల మీద పెట్టుకొన్న ఆశ మాత్రం పాత అర్థానికే దగ్గరగా ఉంటుంది. 2019 సెప్టెంబరులో గ్రామ, వార్డు సచివాలయాలలో లక్షకు పైగా కొలువులకు రాతపరీక్షలు జరిగినప్పుడు దరఖాస్తులు ఇరవై లక్షలు దాటాయి. వానను నమ్ముకొన్న సేద్యం, అక్కడక్కడ మాత్రమే కనిపించే పరిశ్రమలు ఉన్న సీమలో ప్రభుత్వోద్యోగం ఒక కుటుంబం మొత్తానికి కాపుదల. ఒక్క బిట్టు ఆ కాపుదలకు ఇవతలో అవతలో నిలబెట్టగలదు. కనుక ఇది పొద్దుపోక ఆడే ఆట మాత్రమే కాదు.

సాహిత్య విద్యార్థి ఈ అలవాటును పట్టించుకోవడానికి కారణాలున్నాయి. ప్రశ్నను ఆటగా, పరీక్షగా, ప్రాణాపాయంగా కూడా మలచుకొన్న సంప్రదాయం మనది. పొడుపు కథ, సమస్యాపూరణం, యక్షప్రశ్న, భేతాళ ప్రశ్న మన సాహిత్యంలో ఎవరికి వారే చెప్పుకోదగ్గ రూపాలు. ఆ వరుసలో బిట్టు స్థానమెక్కడ అన్నది సాహిత్య ప్రశ్న. దానికంటే ముందు ఒక నైతిక ప్రశ్న ఉంది. మిత్రుడు పంపిన జవాబును మనం విచారించకుండా నమ్ముతాం. ఆ నమ్మకానికి అతడు మనకు ఏమి బాకీ పడతాడు? ఈ వ్యాసం ప్రధానంగా ఈ రెండవదాన్నే పరిశీలిస్తుంది.

తెలిసి అడగడం, తెలియక అడగడం

‘జిజ్ఞాస’ అంటే తెలుసుకోవాలనే కోరిక. ‘పరీక్ష’ అంటే అన్ని వైపులనుంచీ చూడటం. వ్యుత్పత్తిని బట్టి రెండూ గౌరవనీయమైన మాటలే. అయితే నేటి వాడుకలో పరీక్ష అనగానే ఎదుటివాడికి తెలుసో లేదో చూడటమే గుర్తుకు వస్తుంది. జిజ్ఞాస ఉన్నవాడు అడిగేటప్పుడు అతనిలో ఒక లోటు ఉంటుంది. పరీక్షించేవాడు అడిగేటప్పుడు ఆ లోటును ఎదుటివాడిలో వెతుకుతాడు.

కె.సి. కాలువను తీసుకొందాం. కర్నూలు-కడప కాలువ అన్నదే దాని పూర్తి పేరు. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట దగ్గర మొదలై ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల పొలాలకు నీరిచ్చే ఈ కాలువను పంతొమ్మిదో శతాబ్దపు అరవయ్యో దశకంలో ఒక ప్రైవేటు సంస్థ, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, తవ్వించింది. పడవల రాకపోకలకూ పనికివస్తుందని ఆశించారు. లాభాలు రాక, చివరకు 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కొంది. ఇందులో ప్రతి వాక్యమూ ఒక బిట్టే. ఆనకట్ట పేరేమిటి, కంపెనీ పేరేమిటి, ప్రభుత్వం కొన్న సంవత్సరమేది అని మిత్రులు అడుగుకొంటారు, చెప్పుకొంటారు. అదే కాలువ గట్టున రైతు కూడా ఒక ప్రశ్న అడుగుతాడు: ‘ఈ ఏడు నీళ్లు ఎప్పుడు వదుల్తారు?’ అతనికి జవాబు తెలియదు. తెలిసినవారు ఎవరో కూడా చాలాసార్లు తెలియదు. నాలుగు ఐచ్ఛికాలతో ఆ ప్రశ్న రాదు. బిట్లు పంచుకొనే యువకుడు చాలాసార్లు ఆ రైతు కొడుకే కావడం ఈ పోలికను మరింత బరువెక్కిస్తుంది. తండ్రి ప్రశ్నకు తన చదువు జవాబివ్వదని అతనికి తెలుసు. ఆ ప్రశ్న అవసరం లేని బతుకు ఇస్తుందేమోనన్న ఆశతోనే చదువుతాడు.

తెలిసి అడిగే ప్రశ్నలన్నీ కపటమని దీనివల్ల అనుకోరాదు. ప్లేటో ‘మెనో’ సంభాషణలో సోక్రటీసు ఒక బానిస బాలుణ్ణి రేఖాగణితంలో వరుసగా ప్రశ్నిస్తాడు. జవాబు అతనికి తెలుసు. అయినా ఆ ప్రశ్నలు బాలుణ్ణి ఓడించడానికి కాదు, అతని చేతనే దారి వెతికించడానికి. మన పొడుపు కథలోనూ పొడిచేవారికి విప్పు తెలుసు. అయితే ఆ విప్పు ప్రశ్నలోనే దాగి ఉంటుంది. వినేవారు బయటి పుస్తకం చూడనవసరం లేదు. ఇంట్లో, పొలంలో రోజూ చూసే వస్తువునే కొత్తగా చూడగలిగితే చాలు. విప్పు విన్నాక ‘అవును కదా!’ అనిపిస్తుంది. బిట్టు జవాబు విన్నాక ‘అలాగా!’ అనిపిస్తుంది. ఈ రెండు ఆశ్చర్యార్థకాల మధ్య దూరం చిన్నది కాదు. మొదటిదానిలో వినేవారు జవాబును తామే తూచి ఒప్పుకొంటారు. రెండవదానిలో ఒప్పుకోవడానికి ఆధారం చెప్పినవారి మాట ఒక్కటే.

అవధానం మరో దారి. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన ప్రొద్దుటూరు ఈ విద్యకు రాయలసీమలో పెద్ద ఆటపట్టు. తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి వంటివారు ఆ పేరును నిలబెట్టారు. అక్కడ పృచ్ఛకుడు ఇచ్చే సమస్య పైకి అసంగతంగానో అనుచితంగానో కనిపిస్తుంది. దానికి ఒకే పూరణం ఉండదు. పృచ్ఛకుడు మనసులో అనుకొన్న పూరణం కంటె అవధాని పూరణం బాగుంటే ముందుగా సంతోషించవలసినవాడు పృచ్ఛకుడే. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అవధాని ధారణను చెదరగొట్టడానికే కూర్చొని ఉన్నా, అవధాని గెలుపును కోరే సభలో భాగంగానే ఉంటాడు. ప్రశ్నించేవాడు జవాబుదారు పక్షాన ఉండటం అనే ఈ మర్యాద మిత్రబృందాల వినిమయంలోనూ కొంత మిగిలి ఉంది. జవాబు రానివారికి ‘మొదటి అక్షరం చెప్పనా?’ అని అడిగే మిత్రులు ప్రతి బృందంలో ఒకరైనా ఉంటారు.

ఈ సందర్భంలో ప్రశ్నోపనిషత్తును తలచుకోవడం అవసరం. పిప్పలాదుని దగ్గరకు ఆరుగురు ప్రశ్నలు తెచ్చుకొంటారు. ఒక సంవత్సరం తన దగ్గర నియమంతో ఉండి ఆ తరువాత అడగమంటాడాయన. తనకు తెలిస్తే చెబుతానంటాడు. ‘తెలిస్తే’ అన్న ఆ చిన్న షరతులో గురువు నిజాయితీ అంతా ఉంది. ఆరవ ప్రశ్న సంగతి ఇంకా విశేషమైనది. సుకేశుడు అడిగిన ఆ ప్రశ్న అతనిది కాదు. కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు ఒకప్పుడు అతణ్ణి అడిగాడు. తనకు తెలియదనీ, తెలిసి ఉంటే ఎందుకు చెప్పననీ, అబద్ధమాడినవాడు వేళ్లతో సహా ఎండిపోతాడనీ సుకేశుడు జవాబిచ్చాడు. రాజకుమారుడు మౌనంగా రథమెక్కి వెళ్లిపోయాడు. సుకేశుడు ఆ ప్రశ్నను విడిచిపెట్టక మోసుకొంటూ తిరిగి, తెలిసిన గురువు ముందు దించాడు. నేటి మాటలో చెప్పాలంటే అది ‘ఫార్వర్డ్’ అయిన ప్రశ్న. కాకపోతే సుకేశుడు ప్రశ్నను మాత్రమే ముందుకు పంపాడు. లేని జవాబును జోడించలేదు. వేరు ఎండటం అన్న ఉపమానం నీటి ఎద్దడి తెలిసిన ప్రాంతపు పాఠకునికి మరొకరికంటె ముందుగా అర్థమవుతుంది.

ఆప్తుడు అన్న మాట

బిట్టుకు జవాబు ఏ ప్రమాణం వల్ల తెలుస్తుంది? ప్రత్యక్షం వల్ల కాదు. శాసనాన్ని చూసినవారు, చూసినా చదవగలిగినవారు బృందంలో అరుదు. అనుమానం వల్ల కూడా కాదు. సంవత్సరాలూ పేర్లూ తర్కానికి లొంగవు. మిగిలింది శబ్దం. ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణమని న్యాయశాస్త్రం నిర్వచిస్తుంది. విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకొని, తెలుసుకొన్నది తెలుసుకొన్నట్లుగా ఇతరులకు చెప్పాలనే కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడని భాష్యకారుడు వాత్స్యాయనుడి వివరణ. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని కూడా ఆయన అన్నాడు. ప్రామాణ్యం పుట్టుకను బట్టి రాదు, తెలివిడి, నిజాయితీ ఈ రెంటిని బట్టి వస్తుందన్నమాట. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకోసం వ్రాతప్రతులు సేకరించి, పోల్చి, 1829లో ప్రచురించాడు. తన బంగళాలో పండితులను నియమించి పాఠాలు పరిష్కరింపజేశాడు. వేమన విషయంలో అతడు ఆప్తుడా కాదా అన్న విచారణకు వాత్స్యాయనుడి కొలతే సరిపోతుంది.

తెలుగులో ఈ మాటకు మరో బతుకు ఉంది. మనకు ఆప్తుడంటే దగ్గరివాడు, ఆపదలో ఆదుకొనేవాడు, ప్రాణమిత్రుడు. ‘ఆప్తమిత్రుడు’, ‘ఆప్తబంధువు’ అన్న సమాసాలు ఈ అర్థానివే. శాస్త్రంలో ఆప్తత్వం విషయానికీ వక్తకూ మధ్య సంబంధం. వాడుకలో అది వక్తకూ శ్రోతకూ మధ్య సంబంధం. మిత్రబృందంలో బిట్టు నమ్మకం పొందేది ఈ రెండర్థాలు కలగలిసిపోవడం వల్లనే. పంపినవాడు నాకు ఆప్తుడు, కాబట్టి అతడు పంపినది ఆప్తవాక్యం అని మనసు ఒక మెట్టు దాటేస్తుంది. దాటేసిన మెట్టు ఏమిటంటే, ఆ విషయం అతనికి ఎలా తెలిసింది అన్నది. చాలాసార్లు అతనికీ మరో ఆప్తుడే పంపి ఉంటాడు. గొలుసు చివర సాక్షాత్తుగా తెలుసుకొన్నవాడు ఒకడైనా ఉన్నాడో లేడో ఎవరూ చూడరు.

దీనిని అజ్ఞానమని కొట్టిపారేయడం సులభం. కాని మనకు తెలుసుననుకొనే వాటిలో అధికభాగం ఇలా ఇతరుల మాట మీద నిలిచినదే. కలమళ్ల శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పాఠాలలో చెబుతున్న అధ్యాపకులు, వ్రాస్తున్న పరిశోధకులు అందరూ దాని అచ్చును స్వయంగా పరీక్షించి చెప్పడం లేదు. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని ఆ ఊరిలో దొరికిన, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలపు ఆ శాసనానికి క్రీ.శ. 575 ప్రాంతమని లిపి స్వరూపాన్ని బట్టి పండితులు కాలనిర్ణయం చేశారు. ‘ప్రాంతం’ అన్న మాట పరిశోధకుని వాక్యంలో ఉంటుంది. బిట్టులోకి వచ్చేసరికి రాలిపోతుంది. 575 అన్న అంకె మాత్రం మిగులుతుంది. నమ్మడం తప్పు కాదు. నమ్మకాన్ని మరొకరికి అందించేటప్పుడు దానితో పాటు రావలసిన ‘ప్రాంతం’, ‘బహుశా’, ‘అని కొందరు’ వంటి మాటలను తీసివేయడం తప్పు. సాక్ష్యం చెప్పేవాడు తన సాక్ష్యం ఎంతవరకో చెప్పడం సాక్ష్యంలో భాగమే.

కర్నూలు, కడప యాసలో ఇందుకు ఒక చక్కని ప్రశ్న ఉంది. ‘ఇది యాడిది అన్నా?’ విషయం ఎక్కడినుంచి వచ్చింది అని. బృందంలో ఈ మాట అన్నవారిని అనుమానపు మనిషిగా చూడటం కద్దు. ప్రామాణ్యవాదం మొత్తం ఈ మూడు మాటలలో ఇమిడి ఉందని చెబితే నైయాయికులు ఆక్షేపించరనుకొంటాను.

‘రాయలసీమ’ అన్న పేరు ఎవరిది?

ఈ ప్రాంతపు బృందాలలో తిరుగుతూ ఉండే ఒక బిట్టు పై చర్చనంతా ఒకచోటికి తెస్తుంది. రాయలసీమకు ఆ పేరు పెట్టినవారెవరు? ఒక జవాబు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. మరొకటి చిలుకూరి నారాయణరావు. రెండు జవాబులూ పుస్తకాలలో ఉన్నాయి.

1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన ప్రాంతానికి పాలకుల భాషలో ‘సీడెడ్ జిల్లాలు’ అని పేరు. దానికి తెలుగు ‘దత్తమండలాలు’. ఎవరో ఎవరికో ఇచ్చివేసినది అన్న అర్థాన్ని మోస్తున్న ఆ పేరు ఇక్కడి చదువుకొన్నవారికి అవమానంగా తోచింది. (కర్నూలు నవాబు పాలన 1839 దాకా సాగింది కనుక ‘దత్త’ అన్న విశేషణం కర్నూలుకు అతికే తీరు వేరు. బిట్టులో ఈ తేడాకు చోటు లేదు.) 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, ఆ సందర్భంగా కడప కోటిరెడ్డి అధ్యక్షతన సమావేశమైన దత్తమండల సభలో ఈ పేరును వదులుకొని ‘రాయలసీమ’ అని పిలుచుకోవాలని నిర్ణయించారు. ఆ మాటను సూచించినవారు చిలుకూరి నారాయణరావు. ఆయన ఈ సీమవారు కారు. ఉత్తరాంధ్రలో పుట్టి అనంతపురం కళాశాలలో అధ్యాపకులుగా ఉన్న పండితుడు. గాడిచర్ల కర్నూలులో పుట్టినవారు, 1908లోనే పత్రికా రచనకు జైలుశిక్ష అనుభవించినవారు, గ్రంథాలయోద్యమ నాయకులు. ఇంతటి ప్రసిద్ధుని పేరుతో ఆ నామకరణం చాలాకాలం ముడిపడి ఉండటం వింత కాదు. ప్రసిద్ధమైన పేరు అయస్కాంతం వంటిది. దగ్గరలోని ఘనతలను తనవైపు లాక్కొంటుంది. చాటుపద్యాలు ప్రసిద్ధ కవులకు అంటుకోవడం సాహిత్య చరిత్రలో మనం ఎరిగినదే.

ఒక సమావేశం, ఒక సూచన, దాన్ని ఆమోదించిన సభ, తరువాత వాడి వ్యాప్తిలోకి తెచ్చిన పత్రికలూ నాయకులూ: పేరు పుట్టిన తీరు ఇది. ‘ఎవరు?’ అన్న ఏకవచన ప్రశ్న దీన్ని ఒక మనిషికి కుదించమంటుంది. ఒక ప్రాంతం తనపై వేసిన ముద్రను తీసివేసి తనకు తానే పేరు పెట్టుకొన్న సంఘటన, నాలుగు ఐచ్ఛికాలలో ఒకటిగా మారేసరికి ఎవరికీ చెందనిదైపోతుంది. ఆ సీమ బిడ్డలే దాన్ని కంఠస్థం చేయవలసి రావడం ఇందులో ఉన్న వ్యంగ్యం.

ఇక ధర్మసందేహం. మిత్రుడు ఈ ప్రశ్న అడిగాడు. అతడు చదువుతున్న గైడులో, వెనుకటి నమూనా ప్రశ్నపత్రాలలో గాడిచర్ల అనే ఉందనుకొందాం. చిలుకూరి అని చెప్పడానికి ఆధారం బలంగా ఉందని నాకు తెలుసు. నేను ఏది చెప్పాలి? శాస్త్రార్థంలో ఆప్తుణ్ణి కావాలంటే తెలిసినది తెలిసినట్లు చెప్పాలి. తెలుగు అర్థంలో ఆప్తుణ్ణి కావాలంటే అతనికి మేలు జరిగేది చెప్పాలి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షలో, సత్యం చెప్పి మార్కు పోగొడితే నేనేం స్నేహితుణ్ణి?

ఇక్కడ సత్యానికీ హితానికీ పోటీ ఉందని తేల్చేముందు ఒక విషయం గమనించాలి. మిత్రుడు నిజానికి అడిగినవి రెండు ప్రశ్నలు. పేరు పెట్టినదెవరు అన్నది ఒకటి. పరీక్షలో దేనికి గుర్తు పెట్టాలి అన్నది మరొకటి. వీటికి జవాబులు వేరువేరుగా ఉండటంలో వైరుధ్యమేమీ లేదు. ‘చరిత్ర ప్రకారం చిలుకూరి. కొన్ని గైడులలో గాడిచర్ల అని ఉంది, చూసుకో’ అని రెండు వాక్యాలలో చెప్పవచ్చు. రెండవ వాక్యం మాత్రమే చెప్పినవాడు మిత్రుణ్ణి గళ్లు నింపే చేతిగా చూశాడు. మొదటి వాక్యం మాత్రమే చెప్పినవాడు అతని ఇంటి పరిస్థితిని మరిచాడు. రెండు వాక్యాలకు అర నిమిషం చాలు. కాబట్టి తీరిక లేదన్న సమాధానం నాకు ఒప్పుదలగా లేదు.

అయితే ఒక ఆక్షేపణ నిలిచే ఉంటుంది. రెండు వాక్యాలు చెప్పినా, పరీక్ష రోజున మిత్రుడు పెట్టే గుర్తు ఒక్కటే. తప్పని తెలిసిన జవాబుకు గుర్తు పెట్టడం అబద్ధమాడటం కాదా? కాదనే నా అభిప్రాయం. పరీక్షలో గుర్తు పెట్టడం లోకానికి సాక్ష్యం చెప్పడం కాదు. అడిగినవారు దేన్ని ఒప్పుగా లెక్కిస్తారో ఊహించి చెప్పడం. నాటకంలో పాత్రధారి పలికే మాటకు సత్యాసత్యాలు అంటనట్లే దీనికీ అంటవు. అంటేది ఎక్కడంటే, ఉద్యోగం వచ్చాక అదే అధికారి అదే విషయాన్ని వేదికపై చెప్పేటప్పుడు. అప్పటికి మొదటి వాక్యం గుర్తుండాలి కదా.

పంచితే తగ్గేది

విద్య పంచితే పెరిగేదే గాని తరిగేది కాదని సుభాషితాలు చిన్నప్పటినుంచి చెబుతున్నాయి. దొంగలు ఎత్తుకుపోలేనిది, అన్నదమ్ములు పంచుకోలేనిది అని దాన్ని ధనంతో పోల్చి కొనియాడటం మనకు అలవాటు. పోటీపరీక్ష ఈ సుభాషితాన్ని ఇరకాటంలో పెడుతుంది. నేను ఒక బిట్టు చెప్పినంత మాత్రాన నాకు తెలిసినది తగ్గదు, నిజమే. కాని నాకు మాత్రమే తెలిసి ఉండటం వల్ల దానికి వచ్చిన విలువ తగ్గుతుంది. పదిమందికీ తెలిసిన జవాబు పదిమందిలో ఎవరినీ ముందు నిలపదు. విద్య ధనం వంటిది కాదన్న పాత మాట ఇక్కడ పూర్తిగా చెల్లదు. ర్యాంకు అచ్చంగా ధనం వంటిదే. ఒకరి పైమెట్టు మరొకరి కిందిమెట్టు.

అయినా పంచుకొంటున్నారు. ఒకే నోటిఫికేషన్‌కు, ఒకే జిల్లాలోని ఒకే పోస్టుకు దరఖాస్తు చేసిన మిత్రులు రాత్రి పదకొండింటికి కూడా ఒకరికొకరు ప్రశ్నలు పంపుకొంటున్నారు. లెక్కతో చూస్తే ఇది అవివేకం. దీని వెనుక పరస్పర ప్రయోజనం ఉందని, ఒకటి ఇచ్చి పది పుచ్చుకొంటారని చెప్పవచ్చు. ఆ మాట కొంతవరకు నిజం. అయితే బాగా చదివే మిత్రునికి ఇచ్చేవి పది, వచ్చేది ఒకటి. అతడు కూడా మానడం లేదు. ఏళ్ల తరబడి సాగే సన్నాహంలో, ఒకే అద్దెగదిలో, ఊరినుంచి వచ్చిన బియ్యంతో వండుకొని తింటూ చదివేవారికి, తాను చదివినది మరొకరు అడగటం ఒక్కటే ఆ చదువు వృథా పోలేదనడానికి నిదర్శనం. ప్రశ్న వస్తే ‘నువ్వింకా ఉన్నావా, చదువుతున్నావా’ అని ఎవరో పలకరించినట్లే. ‘ట్రివియా’ను తెలుగులో ‘చిల్లర విషయాలు’ అని తక్కువ చేసి అంటాం. చిల్లర లేనిదే సంత నడవదు. పెద్దనోటు ఎవరి జేబులోనో ఉంటుంది. చేతులు మారేది చిల్లరే.

తెలిసీ చెప్పని మిత్రుని సంగతి వేరు. తెల్లవారుజామున ఎంతో చదివి, బృందంలో మాత్రం ఇతరుల జవాబులు చూస్తూ మౌనంగా ఉండేవారు కొందరు. వీరికి భేతాళుని షరతు తగులుతుంది. తెలిసీ చెప్పకపోతే తల వేయి వ్రక్కలవుతుందని ప్రతి కథ చివర భేతాళుడు విక్రమార్కుణ్ణి హెచ్చరిస్తాడు. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. రాజు ప్రతిసారీ చెబుతాడు, ప్రతిసారీ నష్టపోతాడు. తల పగులుతుందన్న భయం కంటె, న్యాయం అడిగినప్పుడు న్యాయం తెలిసినవాడు పలకకుండా ఉండలేకపోవడమే ఆ కథలను నడిపే శక్తి. ‘చందమామ’ చదివిన తరం దీన్ని కథగా అనుభవించింది. నేటి తరం దాన్ని ఏ సంపుటి, ఏ సంవత్సరం అన్న బిట్టుగా చదువుతోంది.

అభ్యంతరాల గడువు

యక్షప్రశ్నల ఘట్టం ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషంలో ఉంది. దాహంతో నీటికి వచ్చినవారు ముందు జవాబులు చెప్పాలి, తరువాతే తాగాలి. నలుగురు తమ్ములు ప్రశ్నను లెక్కచేయక నీరు తాగి పడిపోయారు. ధర్మరాజు చెప్పిన జవాబులు చాలావరకు యక్షునికి ముందే తెలిసినవి. అవి పరీక్షే. చివరిది మాత్రం పరీక్షలా కనిపించే మరొకటి. ఒక్క తమ్ముడే బతుకుతాడు, ఎవరు కావాలి అని యక్షుడు అడుగుతాడు. భీముడూ అర్జునుడూ ఉండగా ధర్మరాజు నకులుణ్ణి కోరుకొన్నాడు. కుంతి కొడుకు తానొకడు ఉన్నాడు కనుక మాద్రికీ ఒకడు మిగలాలని. ఈ ప్రశ్నకు ‘కీ’ లేదు. తనకు నష్టమైన వైపు నిలబడగలడా అన్నదే ప్రశ్న.

పోటీపరీక్షల వ్యవస్థలోనూ ఇటువంటి ఘడియ ఒకటి వస్తుంది. పరీక్ష ముగిశాక ప్రాథమిక ‘కీ’ వెలువడుతుంది. దానిమీద అభ్యంతరాలుంటే ఆధారాలతో సహా కొద్ది రోజులలో పంపుకోమంటారు. ఆ రోజులలో మిత్రబృందాల స్వభావమే మారిపోతుంది. అంతవరకు నాలుగు ఐచ్ఛికాలలో ఒకటి గుర్తుపెట్టుకొన్నవారు గ్రంథాలయానికి పరుగెత్తుతారు. పాత గెజెటీరులు, శాసన సంపుటాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు తెరుస్తారు. ఏ పుటలో ఏముందో ఫోటో తీసి పంపుకొంటారు. ‘యాడిది?’ అన్నది అప్పుడు అనుమానపు మాట కాదు, అందరి మాట. వాదం, జల్పం, వితండ అని నైయాయికులు చర్చను మూడు విధాలుగా చెప్పారు. గెలుపు కోసం కాక తత్త్వనిర్ణయం కోసం జరిగేది వాదం. గురుశిష్యులతో, సహాధ్యాయులతో, అసూయ లేనివారితో వాదం చేయమని న్యాయసూత్రం చెబుతుంది. అభ్యంతరాల గడువులో బృందం దాదాపు ఆ స్థితికి చేరుతుంది. ‘దాదాపు’ అనడానికి కారణముంది. ‘కీ’ తప్పయి, ఆ తప్పు వల్ల నష్టపోయినవారు అభ్యంతరం పంపుతారు. లాభపడినవారు పంపరు.

‘రాయలసీమ’ బిట్టునే మళ్లీ తీసుకొందాం. పరీక్షలో అది వచ్చి, ‘కీ’లో గాడిచర్ల అని వెలువడిందనుకొందాం. చిలుకూరి అని గుర్తు పెట్టిన మిత్రుడు ఆధారం కోసం వెతుకుతున్నాడు. నంద్యాల సభ వివరాలున్న పుస్తకం ఏ బీరువాలో ఉందో నాకు తెలుసు. నేను గాడిచర్ల అని పెట్టాను. ఆ పుటను అతనికి పంపితే అతని మార్కు పెరుగుతుంది, నాది తగ్గుతుంది, ఇద్దరిదీ ఒకే పోస్టు. అతడు నన్ను అడగలేదు. నాకు తెలుసునని కూడా అతనికి తెలియదు. మౌనంగా ఉంటే నేను అబద్ధమాడినట్లు కాదు, అతని దగ్గర ఏదీ దొంగిలించినట్లూ కాదు. ఏ నియమావళిలోనూ ఇది నేరం కాదు. అయినా మర్నాడు ఉదయం నేను బృందంలో పంపబోయే మొదటి ప్రశ్నను ఏ ముఖంతో పంపగలనన్నది మిగిలిపోతుంది. గడువు సాయంత్రం అయిదింటితో ముగుస్తుంది. గ్రంథాలయం అయిదున్నర దాకా తెరిచే ఉంటుంది.